మా మంచుబండి

మా యింటి కారుకొట్టులో గోడకు ఒక ఎర్రని తొట్టి వ్రేలాడుచుండును. అయిదడుగుల పొడవు, రెండడుగులకు కొంచెము తక్కువ వెడల్పు, వట్టి ప్లాస్టిక్కుది. సంక్రాంతి పేరంటమునకు వచ్చిన ఒక పెద్దావిడ దానిని చూచి, "ఏమమ్మాయీ, ఈ దేశములో కూడ కుడితితొట్టి పెట్టినావా? గేదె యేదీ?" అని నవ్వినది. "గేదెను నేనే, పిన్నిగారూ" అంటిని. ఆమె అది పరిహాసమనుకొన్నది గాని నేను చెప్పినది నిజమే. ప్రతి ఫిబ్రవరిలోను నడుమునకు పట్టా బిగించుకొని, గడ్డకట్టిన చెరువులపై ఆ తొట్టిని లాగునది నేనే.

సోదరీమణులు వెరగుపడవచ్చును. మేముండునది అమెరికాలో ఉత్తరపు కొసనున్న మిన్నెసోటా రాష్ట్రము. ఈ రాష్ట్రమునందలి టవర్ అను చిన్న యూరిలో 1996 ఫిబ్రవరి 2వ తేదీన ఉష్ణమానము ఫారన్‌హీటు లెక్కలో సున్నకు దిగువ 60 డిగ్రీలకు, అనగా సెంటిగ్రేడులో సున్నకు దిగువ 51 డిగ్రీలకు పడినది. అంతటి చలి ఏటేట రాదు గాని, డిసెంబరు మొదలు మార్చి దాక చాల దినములు నేల కనబడదు. కిటికీలోనుండి ఆ తెల్లదనమును చూచుచు ఇంట కూర్చుండుట యొక మార్గము. నేను పదునెనిమిదేండ్లు అట్లే గడిపితిని. ఇచ్చటివారిలో కొందరు డేరాలు తీసికొనిపోయి ఆ మంచులోనే రాత్రులు గడిపి వత్తురు. మొదట విన్నప్పుడు నాకది పిచ్చివలె తోచినది. ఇప్పటికిని కొంత అట్లే తోచుచుండును.

మా అమ్మాయికి ఆ పిచ్చి పదునైదవయేట బడిపిల్లల సావాసమున పట్టినది. వారి నాన్నగారికి చలి సరిపడదు. నెలలో సగము దినములు ఉద్యోగపు ప్రయాణములలోనే యుందురు. మరుసటి యేడు స్నేహితురాలితో పోదునని పిల్ల అడిగినపుడు ఇద్దరాడపిల్లలను పంపుటకు మనసొప్పక, నేనును వత్తునంటిని. అంతకు నాలుగేండ్ల క్రిందట నా వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగినది. వీపున బరువు మోయరాదని వైద్యుని ఆజ్ఞ. కనుక నా పక్క, నా దుస్తులు, నా తిండి, అన్నియు మా అమ్మాయియే తన మూటతోపాటు మోసినది. కారు నిలిపిన చోటికిని డేరా వేసిన చోటికిని నడుమ మైలు దూరము. ఆమె మూడుమారులు తిరిగినది. నేను చేతిలో టీ ఫ్లాస్కు పట్టుకొని నడచితిని.

ఆదివారము ఇంటికి వచ్చి ఆమెకు తలంటు పోయుచుండగా చూచితిని. రెండు భుజములపైన సంచి పట్టాలు ఒరసికొని కమిలినవి. ఒకచోట చర్మము లేచినది. నూనె తగిలి చురుక్కుమనగా ఉలిక్కిపడి, "ఏమీ లేదులే అమ్మా" అన్నది. తల్లి మూటను బిడ్డ మోయుట మన యిండ్లలో వినని సంగతి కాదు. కాని అది ముదిమి మీదపడిన తల్లికి. నాకప్పుడు నలువదియెనిమిది, ఆమెకు పదునారు. ఇక వెళ్లుట మానవలెను, కాదేని నా బరువు నేనే కొనిపోవు ఉపాయము చూడవలెను. మానుట సులభమే. కాని నేను మానినచో పిల్లయు మానివేసి, కారణము చెప్పక లోలోపల నొచ్చుకొనునని నాకు తెలియును. ఆమె నా కూతురే గదా.

వైద్యుని అడిగితిని. వీపున మోయుట వేరు, తుంటి యెముకల మీదినుండి లాగుట వేరు, కొంచెము కొంచెముగా అలవాటు చేసికొమ్మని ఆయన అనుమతించెను. (నా వెన్నునకు చెప్పిన మాట ఇంకొకరి వెన్నునకు చెల్లదు. ఎవరి వైద్యుని వారు అడుగవలెను.)

మంచుపై బరువు లాగు విద్య క్రొత్తది కాదు. ఐరోపా ఉత్తరపు కొసనున్న సామీ జాతివారు పడవ ఆకారమున ఒక చిన్న బండి చేసి దానికి రెయిన్‌డీరును కట్టెడివారు. ఇట్టి బండికి ఇచ్చటివారు వాడు ‘పల్క్’ అను మాట ఆ వైపునుండి వచ్చినదే. ఉత్తర అమెరికా ఆదివాసులు పలుచని కర్రపలకలను మెత్తపరచి, ముందు కొసను పైకి చుట్టగా వంచి, ‘టొబోగన్’ అను బండి చేసిరి. ఆ పేరును వారి భాషలలోనిదే. ఇక నేను పుట్టినది కోనసీమలో. కొబ్బరాకుపై తమ్ముని కూర్చుండబెట్టి, మట్ట మొదలు పట్టుకొని, ఇసుకలో వీధి యీ కొసనుండి ఆ కొసకు ఈడ్చినదానను. చక్రములు లేని బండి సంగతి నాకు ఏడవయేటనే తెలియును.

ఆడవారు లాగదగిన బరువా ఇది యని మా బంధువులొకరు ఫోనులో అడిగిరి. ఈ రాష్ట్రపు ఆడపడుచే ఆన్ బాన్‌క్రాఫ్ట్ అను నామె కలదు. బడిలో పిల్లలకు పాఠములు చెప్పినది. 1986లో కుక్కబండ్ల జట్టుతో మంచుమీదుగా ఉత్తరధ్రువము చేరినది. ఆ దారిని ధ్రువము చేరిన స్త్రీలలో ఆమెయే మొదటిది. 1993 జనవరిలో మరి ముగ్గురు స్త్రీలతో, కుక్కలు కూడ లేకుండ, ఎవరి బండి వారు లాగుకొనుచు దక్షిణధ్రువము చేరినది. అది 67 దినముల నడక. 2001లో నార్వే దేశపు పంతులమ్మ లివ్ ఆర్నెసెన్‌తో కలిసి అంటార్కిటికా భూభాగమును ఈ కొసనుండి ఆ కొసకు దాటినది. అప్పుడు ఒక్కొక్కరు లాగిన బండి బరువు సుమారు 250 పౌనులు. మా బంధువునకు ఇదంతయు చెప్పి, నేను లాగబోవునది అందులో మూడవవంతునకు లోపేనంటిని. ఆయన ఫోను మా వదినగారి కిచ్చిరి.

తొట్టి కొనుట పెద్దపని కాదు. పిల్లలు మిట్టలపైనుండి జారుటకు ఇనుపసామానుల అంగళ్లలో అమ్మునదే. అడుగు నునుపుగా, ముందుభాగము పడవముక్కువలె లేచి, అంచు గట్టిగా నున్నచో చాలును. అంచు పొడవునను జానెడు దూరమున కొకటిగా చిల్లులు వేసి, వానిలో నైలాను త్రాటితో ఉచ్చులు కట్టితిమి. పైత్రాడు ఈ ఉచ్చులలో అటునిటు పోవుచు మూటను తొట్టికి బిగించివేయును. మొదట వేసిన చిల్లులు అంచునకు మరీ దగ్గరయై, గట్టిగా లాగగానే చీలినవి. అంగుళము లోపలికి జరిపి మరల వేసితిమి. ఈడ్పంతయు పడు ముందువైపున మాత్రము చిల్లునకు లోపలను వెలుపలను పెద్ద వాషర్లు పెట్టి బోల్టులు బిగించితిమి. కాజా కుట్టకుండ గుండీ పెట్టినచో గుడ్డ యెట్లు చిరుగునో తెలిసిన వారికి ఈ వాషరు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకు తల్లీకూతుండ్రకు పేచీ లేదు. పేచీ వచ్చినది లాగుటకు ఏమి కట్టవలెనను విషయమున. త్రాడు చాలునని నేను, త్రాడు పనికిరాదు, రెండు గొట్టములు కావలెనని ఆమె. "ఒక త్రాడునకు ఇంత శాస్త్రమా?" అని నేను ఆమె మాట పడనీయలేదు. తొట్టిలో రెండు ఇరువది పౌనుల బియ్యపు సంచులు పెట్టి, మా యింటి దగ్గరి ఉద్యానవనమునకు తీసికొనిపోయితిమి. చదునునేలపై బండి కుక్కపిల్లవలె వెంటవచ్చినది. మిట్ట యెక్కునపుడు కొంచెము ఆయాసమైనను బాగుగనే వచ్చినది. "చూచితివా!" అని వెనుకకు తిరిగి అంటిని. తిరిగి దిగుట మొదలుపెట్టితిని. నాలుగడుగులు వేయకమునుపే ఆ నలువది పౌనులును చప్పుడు లేకుండ వచ్చి మడమలపై కొట్టినవి. నేను వెల్లకిల పడితిని. బండి నాపైనుండి పోయి చెట్టునకు తగిలి, ఒక సంచి పగిలినది. తెల్లని మంచులో తెల్లని బియ్యము. ఎత్తుకొందమన్నను ఏది యేదో తెలియదు. దెబ్బకన్న ముందు ఆ బియ్యమును చూచియే నాకు ఏడుపు వచ్చినది.

"నేను చెప్పలేదా" అని అమ్మాయి అనియుండినచో బాగుండెడిది. ఆమె అనలేదు. త్రాడు చుట్టచుట్టి, "పోనీలే అమ్మా, ఈ యేడు నీవు రానక్కరలేదు. నేను స్నేహితురాలితోను వాళ్ల నాన్నగారితోను పోయెదను" అన్నది. కోపముతో నన్నది కాదు. మిక్కిలి మృదువుగా, ముసలివారితో మాటలాడినట్లు అన్నది. కమిలిన మడమలకు కాపడము పెట్టుకొనుచు మూడు దినములు ఆ మృదుత్వమునే తలచుకొంటిని.

నాలుగవ దినమున అంట్లు కడుగుచుండగా మా నాన్నగారి ఎడ్లబండి జ్ఞప్తికి వచ్చినది. వరిబస్తాల బండి కాలువగట్టు దిగునపుడు ఆయన క్రిందికి దుమికి, కాడి దగ్గర నిలిచి ఎడ్లను అదలించుచు మెల్లమెల్లగా దించెడివారు. ఎడ్లు కాళ్లు నిగిడించి, మెడలతో బండిని వెనుకకు ఆపెడివి. ఎట్లు ఆపగలిగెడివి? బండికిని కాడికిని నడుమ నొగలున్నవి కనుక. త్రాడు లాగగలదే గాని ఆపలేదు. నొగ లాగునపుడు లాగును, ఆపునపుడు ఆపును. అమ్మాయి అడిగిన గొట్టములు నొగలే. నా చిన్ననాట దినము చూచిన వస్తువును, పేరు మారి రాగా, నేను గుర్తింపలేకపోయితిని. చేతులు తుడుచుకొని ఆమె గదికి పోయి, "నీవు చెప్పినదే సరి. నొగలు కట్టుదము" అంటిని. "నొగ లనగా ఏమి?" అని అడిగినది. బండి బొమ్మ గీసి చూపితిని. ఆ గీసిన కాగితము ఆమె ఇప్పటికిని దాచుకొన్నది.

నీటిగొట్టముల నుపయోగించితిమి, ఒక్కొక్కటి 7 అడుగులు. గొట్టములోనుండి త్రాడు దూర్చి, ఒక కొసను తొట్టికి, రెండవ కొసను కొక్కెముతో నడుముపట్టాకు తగిలించితిమి. మరి పొట్టివైనచో నడకలో మంచుచెప్పుల తోక బండికి తగులును. ఆ రెండు గొట్టములను కత్తెరవలె అడ్డముగా వేయవలెనని మరల అమ్మాయి. ఎడ్లబండికి కత్తెరనొగలు ఎక్కడనైన కలవా యని మరల నేను. ఈమారు వాదింపక పెరటిలోని మేపుల్ చెట్టుచుట్టు తిరిగి చూచితిమి. గొట్టములు సమముగా నున్నపుడు బండి మలుపును కోసికొనివచ్చి మాను కొట్టుకొన్నది. కత్తెర వేసినపుడు నా యడుగుజాడలోనే చుట్టు తిరిగి వచ్చినది. నొగ నాది, కత్తెర ఆమెది. నడుముపట్టా ఒక పాత సంచినుండి కోసినదే. వడ్డాణము పెట్టుకొను యోగము ఈ జన్మమున ఇట్లు తీరినదని మా వదినగారికి ఫోటో పంపితిని.

సామానంతయు తూచిన 75 పౌనులైనది. మా తాతగారి లెక్కలో మూడు మణుగులు. బరువైనవి అడుగున, నడిమికి కొంచెము వెనుకగా పెట్టవలెను. అప్పుడు ముక్కు తేలి మంచుపైకి ఎక్కును. పైన తేలిక పక్కలు. అంతటిని ఒక టార్పాలిన్ గుడ్డలో పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్లు చుట్టి త్రాడు బిగించితిమి. తిండి విషయమున ఈ దేశపు చలి గొప్ప ఉపకారి. పప్పుచారు పలుచని సంచులలో పోసి రాత్రి వాకిట నుంచగా తెల్లవారుసరికి పలకలైనవి, పుస్తకములవలె పేర్చితిమి. సున్నియుండలు మాత్రము రాళ్లై పండ్లకు లొంగలేదు. వానిని లోపలి జేబులో పెట్టుకొని నడచిన గాని తినుటకు రావు. ఇంకొక మాట. మనము మెచ్చుకొను నూలుబట్ట అచ్చట శత్రువు. బండి లాగుటలో చెమట పట్టును. నూలు ఆ తడిని విడువదు. ఆగిన నిమిషములో ఒడలు గడ్డకట్టునట్లుండును. ఉన్నిబట్టలే కట్టవలెను, బయలుదేరునపుడు కొంచెము చలివేయునట్లే కట్టవలెను.

ఫిబ్రవరిలో ఈలీ అను ఊరు దాటి, కెనడా సరిహద్దున నున్న బౌండరీ వాటర్స్ అరణ్యమునకు పోయితిమి. పది లక్షల యెకరములకు మించిన యడవి, వేయికి పైగా చెరువులు. తరతరములుగా ఒజిబ్వే జాతివారు తిరుగాడిన చోటు. 1964 నాటి అరణ్యచట్టము క్రింద రక్షింపబడినది. అందలి చాలభాగమున మోటారు ఏదియు పోరాదు. కావున మనిషియైనను కుక్కయైనను లాగవలసినదే. నడచుటకు తేటమంచు నాలుగంగుళములైనను ఉండవలెనని ఇచ్చటి ప్రభుత్వశాఖ చెప్పును. అమ్మాయి బర్మాతో తొలిచి కొలువగా పదునెనిమిది అంగుళములున్నది. అయినను చెరువు నడుమ, కాళ్లక్రింద ఎక్కడనో మంచు బిగిసి ‘బూం’ అని మ్రోగినపుడు నేను ముగ్గురు దేవుళ్లను పిలిచితిని. అది మంచు పగులుచప్పుడే గాని విరుగు చప్పుడు కాదట. ఆ భేదము నా గుండెకు ఇంకను తెలియలేదు.

మొదటి కష్టము బురదమంచు. పైమంచు బరువునకు చెరువుమంచు క్రుంగి, పగుళ్లలోనుండి నీరు పైకూరి, మెత్తని మంచుక్రింద దాగియుండును. బండి దానిలో దిగినది. బయటకు లాగగానే అడుగున అంటిన తడి గడ్డకట్టి, బండి నేలకు అతుకుకొన్నట్లైనది. కట్టులు విప్పకయే దానిని బోర్లించి, అట్లకాడతో గీకితిమి. వంటసామానులలో అంతగా పనికివచ్చినది మరియొకటి లేదు.

రెండవ కష్టము మధ్యాహ్నము దాటిన తరువాత వచ్చినది. చెరువునకు చెరువునకు నడుమ నడవవలసిన ఇరుకుదారిలో ఒక దిగుడు. దిగబోవుచుండగా ‘ఫట్’ మని కుడినొగ విరిగినది. నీటిగొట్టపు ప్లాస్టిక్కు చలిలో పెళుసెక్కునని మాకు తోచకపోయినది. లోపల త్రాడున్నందున బండి తప్పిపోలేదు. ఎండి పడియున్న కొమ్మ నొకదానిని తెచ్చి, విరిగిన చేతికి బద్ద కట్టినట్లు గొట్టమునకు ఆనించి, త్రాటితో గట్టిగా చుట్టితిమి. కాని ఆ కట్టును నమ్మి దిగుటకు నాకు కాళ్లాడలేదు. ఉద్యానవనములోని బియ్యమే కనులకు కట్టినది.

అమ్మాయి తన సంచి దింపి, బండి వెనుకకు ఒక త్రాడు కట్టి, దానిని తన నడుముచుట్టు త్రిప్పి పట్టుకొని, మడమలు మంచులో నాటుకొని కూర్చున్నది. "నడువు అమ్మా. వెనుకకు చూడకు" అన్నది. నడచితిని. మూడు మణుగుల బరువు నా వెనుకనున్నది. అది నా మడమలవైపు జానెడైనను జారలేదు. సగము దిగిన తరువాత ఆమె రొప్పు వినబడినది. ఆగుదునా యని అడిగితిని. "ఆగకు" అన్నది. క్రిందికి వచ్చి తిరిగి చూడగా, ఆమె చేతితొడుగుపై త్రాడు రాసిన చార లోపలిదాక పడియున్నది. మరల పైకి పోయి తన సంచి తెచ్చుకొన్నది. ఈమారు ఆ సంచిలో ఆమె సామానే యున్నది.

ఆ రాత్రి సున్నకు దిగువ 18 ఫారన్‌హీటు డిగ్రీలు. డేరాలో చిన్న ఇనుపపొయ్యి వెలిగించి, గాలి ఆడుటకు పైకప్పు కిటికీ తెరచియుంచి, పప్పుచారు పలక కరిగించితిమి. తినుచుండగా అమ్మాయి, "నీ మడమలు చూపు" అన్నది. చూపితిని. దీపము దగ్గరకు తెచ్చి రెండును చూచినది. తరువాత నేను, "నీ భుజములు చూపు" అంటిని. "ఇంత చలిలోనా!" అని నవ్వి పక్కలో దూరినది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ గొట్టములను తీసివేసి ఫైబర్‌గ్లాసు కడ్డీలు వేసితిమి. అవి వంగును గాని ఇంతవరకు విరుగలేదు. ఇప్పుడు అమ్మాయి కళాశాల వసతిగృహములో నున్నది. మొన్న జాబు వ్రాసినది. స్నేహితురాండ్రు నలుగురు కలిసి ఒక తొట్టి కొనిరట. నొగల పొడవెంత, చిల్లులు అంచునకు ఎంత లోపల, వాషర్లు ఏ సైజువి యని అడిగినది. అందులో ఒక పిల్ల త్రాడు చాలునని పట్టుబట్టుచున్నదట. ‘నొగలు 7 అడుగులు, చిల్లు అంగుళము లోపల’ అని, వాషరు నొకదానిని కాగితముపై పెట్టి చుట్టును గీత గీసి పంపితిని. మన తొట్టినే ఇత్తువా యని జాబు చివర అడిగినది గాని, అది మాత్రము ఇయ్యనని వ్రాసితిని. ఫిబ్రవరిలో నాకు కావలెను.